తారీఖు చెప్పండి, టిక్కెట్టు మేమే కొనుక్కుంటాం

ఈ సంచికకు వ్యాసం ఇమ్మని యూనియను మిత్రులు అడిగినప్పుడు "నేటి యువత - రేపటి భారతం" లాంటిదేదో ఒకటి రాద్దామనే అనుకున్నాను. అటువంటివి రాయడం తేలిక, చదవకుండా పేజీ తిప్పడం ఇంకా తేలిక. ఇంతలో మా హాస్టల్లో ఒక చిన్న సంఘటన జరిగింది. అందుచేత యువతను వచ్చే ఏడాదికి వాయిదా వేసి, విమానం టిక్కెట్టు గురించి రాస్తున్నాను. "మెస్ బిల్లు కట్టలేనివాళ్ళకు విమానాల ముచ్చట ఎందుకు?" అని ముఖం చిట్లించే పెద్దలు కాస్త ఓపిక పట్టి చదవాలని మనవి. మెస్ బిల్లు కట్టలేనివాడే విమానం టిక్కెట్టుకు అందరికంటె ఎక్కువ ధర చెల్లిస్తున్నాడన్నదే నేను చెప్పదలచుకున్న సంగతి.

మా పక్క గది మిత్రుడిది జగిత్యాల వైపు ఒక పల్లె. తండ్రి పన్నెండేళ్ళుగా గల్ఫులో మేస్త్రీ పని చేస్తున్నాడు. తల్లి బీడీలు చుడుతుంది. మనవాడు ఎం.ఎస్సీ. ఆఖరు సంవత్సరం. ఒక బుధవారం నాడు ఢిల్లీలోని ఒక పరిశోధన సంస్థనుంచి పిహెచ్.డి. ఇంటర్వ్యూకు రమ్మని ఈ-మెయిలు వచ్చింది. ఇంటర్వ్యూ ఆ వచ్చే వారం శుక్రవారం, ఉదయం తొమ్మిదిన్నరకు. అంటే సరిగ్గా తొమ్మిది రోజుల వ్యవధి. ఆ రాత్రి మెస్సులో అందరికీ వాడి డబ్బుతోనే మిర్చిబజ్జీలు వచ్చాయి.

వాడు తెలివితక్కువవాడు కాడు. అప్పటికి మా ప్రాక్టికల్ పరీక్ష సోమవారం అని నోటీసుబోర్డు మీద ఉంది. సోమవారం పరీక్ష రాసి, బుధవారం పొద్దున్నే తెలంగాణా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గురువారం పొద్దునకు ఢిల్లీ. ఒక పూట విశ్రాంతి, శుక్రవారం ఇంటర్వ్యూ. స్లీపరు క్లాసులో ఆర్.ఏ.సి. దొరికింది. ఇరవై అయిదు గంటల ప్రయాణం సగం బెర్తు మీద కూర్చుని చెయ్యడం మాకు కొత్తేమీ కాదు.

శనివారం నోటీసు మారింది. ప్రాక్టికల్ పరీక్ష సోమవారం కాదు, గురువారమట. కారణం రాయలేదు, నోటీసుల్లో కారణాలు రాసే ఆచారం లేదు గదా. గురువారం సాయంత్రం నాలుగింటికి లాబొరేటరీ నుంచి బయటపడ్డవాడు శుక్రవారం ఉదయం ఢిల్లీలో ఉండాలంటే ఏ రైలూ తీసుకుపోదు. రైలు టిక్కెట్టు రద్దు చేసుకున్నాడు. గదిలో నలుగురం సెల్‌ఫోన్ల ముందు కూర్చున్నాం. గురువారం రాత్రి విమానాలన్నిటిలోకీ తక్కువది, పన్నులతో కలిపి, రూ. 11,380.

ఇంటికి ఫోను చేశాడు. "విమానమేంది బిడ్డా, గన్ని పైసలా?" అన్నది తల్లి. తరువాత ఒక్క మాట కూడా అడగకుండా మహిళా సంఘంలో అప్పు తీసి పంపింది. గల్ఫునుంచి తండ్రి మాత్రం వేరే మాట అన్నాడు. "తారీఖు ఖాయమేనా? ఖాయమైనంకనే టికెట్ తియ్యి" అని రెండుసార్లు అడిగాడట. ఆయన ఏ బిజినెస్ స్కూల్లోనూ చదవలేదు. కాని వేసవి సెలవుల్లో హైదరాబాదు టిక్కెట్టు ఎంత పెరుగుతుందో, మళ్ళీ ఎప్పుడు దిగుతుందో ఆయన నోటిమీద ఉంటుంది. తన తల్లి పోయినప్పుడు ఆ రోజు దొరికిన టిక్కెట్టు ఆయన నెల జీతాన్ని మించిపోయింది. రాలేదు. అంత్యక్రియలు ఫోనులో చూశాడు.

"ఖాయమే బాపూ" అన్నాడు మనవాడు. నోటీసుబోర్డును నమ్మాడు.

బుధవారం సాయంత్రం అయిదు గంటలకు మరో నోటీసు. బయటి ఎగ్జామినరు రాలేకపోతున్నందున ప్రాక్టికల్ పరీక్ష వచ్చే వారానికి వాయిదా. ఆ ఉదయం వాడి ఆర్.ఏ.సి. బెర్తు వాడు లేకుండానే సికింద్రాబాదు దాటి వెళ్ళిపోయింది. గురువారం రాత్రి వాడు విమానమెక్కాడు. పక్క సీటులో ఒక పెద్దమనిషి, మేనకోడలి పెళ్ళికి వెళుతున్నాడట. మాటల్లో తెలిసింది, ఆయన రెండు నెలల క్రితమే టిక్కెట్టు కొన్నాడు, రూ. 4,900కి. అదే విమానం, అదే వరస, అదే మంచినీళ్ళ గ్లాసు.

ఇక్కడ కొందరు మిత్రులు "ఇది దోపిడీ" అంటారు. నేనూ ఆ రాత్రి అదే అన్నాను. తరువాత ఈ ధరలు ఎలా పెడతారో కాస్త తెలుసుకున్నాను. తెలుసుకున్నాక కోపం తగ్గలేదు గాని, అది పోవలసిన దిక్కు మారింది.

సాయంత్రమయ్యేసరికి రైతుబజారులో వంకాయ చవకవుతుంది. రాత్రికి మిగిలితే పారవెయ్యాలి కనక. విమానంలో సీటు కూడా అటువంటిదే, బయలుదేరాక ఖాళీ సీటుకు విలువ సున్న. మరి అది చివరి రోజుల్లో చవక కావాలి గదా, ఎందుకు ప్రియమవుతుంది? ఎందుకంటే వంకాయ కొనేవాడు ధర నచ్చకపోతే బెండకాయ కొంటాడు. రేపటి విమానానికి ఈరోజు వచ్చేవాడికి మరో దారి ఉండదు. వాడు కంపెనీ పనిమీద పోయే ఆఫీసరు, లేదా తండ్రి ఆసుపత్రిలో ఉన్న కొడుకు. ఆఫీసరు డబ్బు కంపెనీ కడుతుంది. కొడుకు డబ్బు అప్పు తెస్తాడు. కంప్యూటరుకు ఇద్దరూ ఒకటే, "తప్పనిసరిగా పోయేవాడు" అని ఒకే పద్దులో రాసుకుంటుంది.

మన స్టాటిస్టిక్స్ మిత్రులకు ఇందులో ఒక ముచ్చటైన లెక్క ఉంది. బ్రిటిషు విమాన సంస్థ బి.ఓ.ఎ.సి.లో పనిచేసిన కెన్ లిటిల్‌వుడ్ 1972లో ఒక సూత్రం చెప్పాడు. ఒక సీటును ఇప్పుడు రూ. 5,000కి అడిగేవాడున్నాడు. ఆఖర్న రూ. 12,000 పెట్టేవాడు రావచ్చు, రాకపోవచ్చు. అతను వచ్చే సంభావ్యత అయిదు బై పన్నెండు, అంటే సుమారు 42 శాతం, కన్న ఎక్కువైతే సీటు అట్టేపెట్టు, తక్కువైతే ఇప్పుడే అమ్మెయ్యి. అంతే. అమెరికాలో 1978లో ప్రభుత్వం ఛార్జీల మీద అదుపు వదిలేశాక, 1980లలో అక్కడి పెద్ద కంపెనీలు కంప్యూటర్ల సాయంతో ఈ లెక్కను పెద్ద శాస్త్రంగా పెంచాయి. ఈనాడు ఒకే ఎకానమీ క్లాసులో డజనుకు పైగా ధరల మెట్లుంటాయి, ఒక్కొక్క మెట్టుకు ఒక ఇంగ్లీషు అక్షరం. కింది మెట్టు సీట్లు అయిపోతే పై మెట్టు తెరుచుకుంటుంది. పాత రికార్డులు చూసి ఏ మెట్టులో ఎన్ని సీట్లు ఉంచాలో రోజూ మారుస్తుంటారు.

ఇది తెలిస్తే మన హాస్టళ్ళలో ప్రచారంలో ఉన్న కొన్ని మూఢనమ్మకాలు తొలగిపోతాయి. మంగళవారం అర్ధరాత్రి కొంటే చవక అని ఒకడు, ఫోనులో పాత చరిత్ర చెరిపేసి వెతికితే చవక అని మరొకడు. మేమూ ఆ రాత్రి నాలుగు ఫోన్లలో చెరిపేసి వెతికాం. ధర ఒక్క రూపాయి కదల్లేదు. టిక్కెట్టు ఏ వారం కొన్నామన్నది కాదు, ఏ వారం ప్రయాణం చేస్తున్నాం, ఎన్ని రోజుల ముందు కొన్నాం అన్నవే లెక్క. శుక్రవారం సాయంత్రానికీ మంగళవారం మధ్యాహ్నానికీ తేడా నిజమే, కాని అది ఎగిరే రోజు తేడా.

అనుభవం మీద తెలిసినవి కొన్ని చెబుతాను, ఎవరికైనా పనికొస్తాయి. నలుగురు కలిసి పోతున్నప్పుడు నలుగురికీ ఒకేసారి వెతక్కండి. కింది మెట్టులో రెండే సీట్లు మిగిలి ఉంటే, నాలుగు కలిపి అడిగినవాడికి చాలా చోట్ల నాలుగూ పై మెట్టు ధరకే చూపిస్తారు. ఒక్కరికి వెతికి, ఇద్దరికి వెతికి, తేడా ఉంటే విడివిడిగా కొనుక్కోవడం మేలు. పదిమందికి పైబడితే కంపెనీలు గ్రూపు బుకింగు అంటాయి. అది చవక అనుకోవద్దు, ఒక్కోసారి ప్రియమే. కాని కొంత బయానా కట్టి పేర్లు తరువాత ఇచ్చే వెసులుబాటు సాధారణంగా ఉంటుంది, విద్యాయాత్రలకు అది పనికొస్తుంది.

సామాను సంగతి. మన దేశంలోపల ఎకానమీ టిక్కెట్టుకు మామూలుగా 15 కిలోలు లోపల వెయ్యడానికి, 7 కిలోలు చేత పట్టుకోడానికి. అన్నిటికంటె తక్కువగా కనబడే ధరల్లో కొన్నిటికి ఆ 15 కిలోలు ఉండవు. చేతి సంచి మాత్రమే. సంవత్సరం చివర ఇంటికి పోయే విద్యార్థి దగ్గర బట్టలకంటె పుస్తకాలే బరువు. కౌంటరు దగ్గర కిలోకింత అని కట్టేసరికి చవక టిక్కెట్టు కాస్తా గాలికి పోతుంది. కొన్ని కంపెనీలు విద్యార్థి టిక్కెట్టు అని ఇస్తాయి, కొద్దిపాటి తగ్గింపు, పైన 10 కిలోల సామాను. గుర్తింపు కార్డు చూపాలి. అయితే ఆ తగ్గింపు మూల ఛార్జీ మీదే, పన్నుల మీదా విమానాశ్రయం రుసుముల మీదా కాదు. పైగా మామూలు చవక ధర దానికంటె తక్కువున్న రోజులూ ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. సీటు ఎంచుకోమని బొమ్మ వేసి చూపించి డబ్బడుగుతారు. ఎంచుకోకపోయినా చెక్-ఇన్ నాటికి ఏదో ఒక సీటు ఇస్తారు. నిలబెట్టి తీసుకుపోరు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. "రిఫండు లేదు" అని రాసిన టిక్కెట్టు రద్దు చేసుకున్నా, అసలు విమానం ఎక్కకపోయినా, అందులోని విమానాశ్రయం రుసుము, ప్రభుత్వ పన్నుల వంటివి తిరిగి ఇవ్వాలని విమానయాన డైరెక్టరేటు నిబంధన ఉంది. అడిగినవాడికి ఇస్తారు. అడగాలి.

రెండు వేర్వేరు టిక్కెట్లు అతికించి చవక చేసుకునే తెలివితేటలు కూడా ఉన్నాయి. హైదరాబాదునుంచి బొంబాయికి ఒకటి, అక్కడినుంచి ముందుకు మరొక కంపెనీది. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే పూచీ ఎవరిదీ కాదు. పెళ్ళికి పోయేవాడు అలా పోవచ్చు. ఇంటర్వ్యూకు పోయేవాడు పోకూడదు.

ఈ సలహాలన్నీ కలిపినా మిగిలేది ఎంత? వెయ్యి, పదిహేనువందలు. పెద్ద తేడా తెచ్చేది మాత్రం ఒక్కటే, తారీఖు ముందుగా తెలియడం. మా మిత్రుడికీ పక్క సీటు పెద్దమనిషికీ మధ్య ఉన్న రూ. 6,480 తేడా తెలివితేటలది కాదు. పెళ్ళి ముహూర్తం రెండు నెలల ముందే ఖాయమైంది. మన పరీక్ష ముందురోజు సాయంత్రానికి కూడా ఖాయం కాలేదు. పురోహితుడికున్న కట్టుబాటు మన పరీక్షల విభాగానికి లేకపోయింది.

"ఇదంతా ప్రయివేటు కంపెనీలు రావడం వల్ల, ప్రభుత్వ సంస్థలే ఉన్న రోజుల్లో ఇలా లేదు" అనే పెద్దలున్నారు. నిజమే, లేదు. 1953లో చట్టం చేసి విమాన కంపెనీలను జాతీయం చేశాక, 1994లో ఆ చట్టాన్ని ఎత్తేసేదాకా దేశంలో విమానయానం ప్రధానంగా ప్రభుత్వ సంస్థలదే. ధరల్లో ఇన్ని మెట్లు లేవు. కాని ఆ ధరకు ఎక్కినవాళ్ళెవరు? మా మిత్రుడి తండ్రి వయసు వాళ్ళు బేగంపేట విమానాశ్రయం గోడ బయట నిలబడి విమానాలు చూసేవారు. 2003లో ఎయిర్ డెక్కన్ వచ్చి చవక విమానయానం మొదలుపెట్టింది. తరువాత కొద్ది సీట్లకు రూపాయి టిక్కెట్టు కూడా పెట్టింది. ఆ కంపెనీ నిలవలేదు గాని, సామాన్యుడు కూడా విమానమెక్కవచ్చునన్న ఆలోచన నిలిచింది. ఆ పాత రోజులకు పోదామని నేననను.

ప్రభుత్వం ధర కట్టడి చెయ్యలేదా అంటే, చెయ్యగలదు, చేసింది కూడా. కరోనా కాలంలో 2020 మే నుంచి 2022 ఆగస్టు దాకా దేశంలోపలి ఛార్జీలకు కింది హద్దు, పై హద్దు పెట్టారు. మొదట్లో ఢిల్లీ - బొంబాయికి రూ. 3,500 నుంచి రూ. 10,000. నలభై శాతం సీట్లు ఆ రెంటి మధ్య ధరకంటె తక్కువకు అమ్మాలన్నారు. 2025 డిసెంబరులో విమానాలు వందలకొద్దీ రద్దయి ధరలు ఆకాశానికెక్కినప్పుడు మళ్ళీ తాత్కాలికంగా పై హద్దు పెట్టారు. 1,000 నుంచి 1,500 కిలోమీటర్ల దూరానికి, పన్నులు కాక, రూ. 15,000. హైదరాబాదు - ఢిల్లీ ఆ లెక్కలోనిదే. అంటే మా మిత్రుడు పెట్టిన రూ. 11,380 ఆ విపత్తు కాలపు హద్దుకు కూడా లోబడే ఉంది! హద్దులు అటువంటివి. అవి అన్యాయం మరీ వికృతం కాకుండా ఆపుతాయి, మామూలు అన్యాయాన్ని తాకవు. మరీ కిందికి దించితే కంపెనీవాడు రూ. 4,900 మెట్టు తీసేసి అందరికీ ఏడెనిమిది వేలు చేస్తాడు. అప్పుడు నష్టపోయేది మళ్ళీ ముందుగా కొనుక్కునే బీదవాడే.

ఉడాన్ పథకం ఉంది. 2017 ఏప్రిల్ 27న సిమ్లాలో ప్రారంభమైంది. అదేరోజు కడప - హైదరాబాదు, నాందేడు - హైదరాబాదు విమానాలకూ జెండా ఊపారు. గంట ప్రయాణానికి రూ. 2,500 అన్నది ఆనాటి మాట, విమానంలో సగం సీట్ల వరకే. ఒక్కొక్క మార్గానికి ప్రభుత్వ సహాయం మూడేళ్ళు. మంచి పథకమే. కడప విద్యార్థికి అక్కరకొచ్చింది. కాని చిన్న ఊళ్ళకోసం పెట్టిన పథకం హైదరాబాదు - ఢిల్లీకి పనికిరాదు. మన ఇంటర్వ్యూలు పెద్ద ఊళ్ళలోనే ఉంటాయి.

విద్యార్థి రాయితీ మాట కొస్తే, ప్రభుత్వం చేతిలో ఉన్నంతకాలం ఎయిరిండియా విద్యార్థులకు మూల ఛార్జీలో సగం తగ్గించేది. 2022 జనవరిలో సంస్థ టాటాల చేతికి పోయింది. అదే ఏడాది సెప్టెంబరులో ఆ తగ్గింపును 25 శాతానికి కుదించారు. ఎక్కడా ఒక ఊరేగింపు జరిగినట్టు నాకు గుర్తులేదు. మన యూనియనుతో సహా. సినిమా టిక్కెట్టు మీద పది రూపాయలు పెరిగితే రోడ్డెక్కే మనకు ఇది కనబడనే లేదు.

రైలుంది గదా అంటారు. ఉంది. రైల్వేలో విద్యార్థి రాయితీ ఇప్పటికీ ఉంది. ప్రిన్సిపాలు సంతకం పెట్టిన కాగితంతో సెలవులకు సొంత ఊరికి పోవడానికీ, విద్యాయాత్రకూ స్లీపరులో సగం ధర. ఆ కాగితం కోసం ఆఫీసు గది ముందు క్యూలో నిలబడ్డ అనుభవం ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థులందరికీ ఉండే ఉంటుంది. రైలంటే మాకు చిన్నచూపు లేదు. మా మిత్రుడు ముందు కొన్నది రైలు టిక్కెట్టే. తిరిగి వచ్చింది కూడా రైల్లోనే, జనరల్ బోగీలో, బాత్‌రూము పక్కన కూర్చుని. కాని రైలుకూ తారీఖు కావాలి. 2024 నవంబరు నుంచి రిజర్వేషను అరవై రోజుల ముందు తెరుస్తున్నారు. ఆ అరవయ్యో రోజున నా పరీక్ష ఎప్పుడో చెప్పగల అధికారి మన ప్రాంగణంలో ఒక్కరున్నారా?

ఇక్కడ లెక్చరర్లు ఒక మాట అంటారని నాకు తెలుసు, అది న్యాయమైన మాట కూడా. "వాయిదా వెయ్యమని ధర్నా చేసేది మీరే గదా?" అవును, మేమే. గత రెండేళ్ళలో మెయిన్ బిల్డింగు ముందు కూర్చుని, సిలబసు పూర్తి కాలేదనీ, వేరే పోటీపరీక్ష అడ్డం వచ్చిందనీ పరీక్షలు జరపించింది మేమే. నేనూ కూర్చున్నాను, నినాదాలు కూడా ఇచ్చాను. ఆ రోజు వాయిదా ప్రకటన రాగానే ఈలలు వేసి టీలు తాగాం. ఆ సాయంత్రమే మా ఫ్లోర్లో ముగ్గురు కొనుక్కున్న టిక్కెట్లు వృథా అయినట్టు తరువాత తెలిసింది. ఒకతను చెల్లెలి నిశ్చితార్థానికి పోలేదు. కొత్త తేదీ సరిగ్గా అదే రోజు పడింది. వాళ్ళెవరూ ధర్నాకు ఎదురు రాలేదు, వస్తే మేం ఊరుకునేవాళ్ళం కాదు. యూనియను సంచికలో యూనియనును తప్పు పట్టడం మర్యాద కాదంటారేమో. మరెక్కడ పట్టాలి?

వాయిదాను మనం ఉచితం అనుకుంటున్నాం. దాని ఖరీదు ఎవరో కడుతున్నారు. ఈ ఊళ్ళో ఇల్లున్నవాడికి వాయిదా అంటే చదువుకోడానికి మరో వారం. జగిత్యాలనుంచో, పలాసనుంచో, ఆదోనినుంచో వచ్చినవాడికి మరో వారం మెస్ బిల్లు, పోయిన రిజర్వేషను, కొత్త టిక్కెట్టు. అందులోనూ అమ్మాయిల ఇబ్బంది ఎక్కువ. అబ్బాయి జనరల్ బోగీలో దూరి పోతాడు, వాళ్ళను ఇంట్లో పోనివ్వరు. మా క్లాసులోనే ఒకామె అటువంటి ఇంటర్వ్యూకే పోకుండా ఊరుకుంది. అడిగితే "నాన్నగారికి చెప్పలేదు, చెబితే అప్పు చేస్తారు" అన్నది.

అమెరికా పోయే మిత్రుల సంగతి కూడా ఇదే దారి. ఆగస్టులో క్లాసులు మొదలు. వీసా ఇంటర్వ్యూ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. వీసా చేతికొచ్చాక టిక్కెట్టు కొందామంటే అప్పటికి అందరూ కొంటూ ఉంటారు. ఆ వీసా తేదీ మన చేతిలో లేదు. పట్టాలు, మార్కుల జాబితాలు మన చేతిలో ఉన్నవే. అవి నెల ఆలస్యమైతే ఆ నెల ఖరీదు కూడా టిక్కెట్టులోనే కలుస్తుంది. లక్షల అప్పులో అది కనబడదు, అంతే తేడా.

నేను కోరేది పెద్దదేమీ కాదు. సెమిస్టరు మొదటి వారంలో థియరీ, ప్రాక్టికల్, వైవా తేదీలు అచ్చువేసి ఇవ్వండి. ఇచ్చాక మార్చకండి, మేం అడిగినా మార్చకండి. ఎగ్జామినరు రాకపోతే మరొకరిని ముందే అనుకుని ఉంచండి. యూనియను వైపునుంచి, పరీక్షకు ఇరవై రోజుల లోపల వాయిదా కోరమని జనరల్ బాడీలో తీర్మానం చేద్దాం. నేను ప్రతిపాదిస్తాను, బలపరిచేవాడు కావాలి. తప్పనిసరై మార్చవలసి వస్తే, ఇంటర్వ్యూ కాగితం చూపిన విద్యార్థికి వేరొక బ్యాచిలో ప్రాక్టికల్ చేసుకునే అవకాశం ఇవ్వండి. మా మిత్రుడు అది అడిగాడు. "రూల్సులో లేదు" అన్నారు. వాయిదా రూల్సులో ఉందా?

పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. ప్రతి ఏటా మీరు ఇచ్చే బంగారు పతకాలు, గోడగడియారాలు మాకు శిరోధార్యమే. ఈసారి ఒక చిన్న నిధి పెట్టండి. ఇంటర్వ్యూ ఉత్తరం చూపిన విద్యార్థికి ఆరోజే టిక్కెట్టు డబ్బు చేతికివ్వాలి, ఏడాదిలో తిరిగి కట్టాలి, వడ్డీ లేదు. దానం అక్కరలేదు. ముందు ఖర్చుపెట్టు, తరువాత బిల్లు పెట్టు అనే పద్ధతి జీతమొచ్చేవాళ్ళకు సరిపోతుంది. చవక టిక్కెట్టు ఉన్న రోజున చేతిలో డబ్బు లేక, డబ్బు సర్దుకునేసరికి ధర రెండు మెట్లు ఎక్కిపోవడం మాకు మామూలు. మీలో విదేశాల్లో ఉన్నవాళ్ళ దగ్గర విమాన కంపెనీల మైళ్ళు పోగుపడి ఉంటాయి. చాలా కంపెనీల్లో వాటితో వేరొకరి పేర టిక్కెట్టు తీయవచ్చు. గడువు తీరి వృథా అయ్యేలోపల ఒక ఉత్తరం ముక్క రాయండి.

మిత్రుడి ఇంటర్వ్యూ బాగానే జరిగింది. వెయిటింగు లిస్టులో మూడో పేరు. "రైల్లో ఆర్.ఏ.సి., ఇక్కడ డబ్ల్యూ.ఎల్., నా జాతకమే అంత" అని నవ్వుతాడు. సంఘంలో తల్లి తీసిన అప్పుకు నెలనెలా కిస్తీ కట్టాలి. ఇంకా ఏడు మిగిలి ఉన్నాయి.

ఈ వ్యాసం ప్రెస్సుకు ఇవ్వబోతుండగా వచ్చే సెమిస్టరు అల్మనాక్ నోటీసుబోర్డు మీద పెట్టారని తెలిసి వెళ్ళి చూశాను. క్లాసులు మొదలయ్యే తేదీ ఉంది, ఫీజు కట్టడానికి ఆఖరు తేదీ ఉంది, ఆలస్య రుసుముతో ఆఖరు తేదీ కూడా ఉంది. పరీక్షల గడిలో "తరువాత తెలియజేయబడును" అని రాసి ఉంది.